అరవై చుట్ల బాకీ

తెల్లారుజామున మూడున్నరకి గ్రైండరు ఆగింది.
ఆగలేదు నిజానికి, మూలిగింది.
రాయి కదలదు, లోపల్నించి ఊఁ అని ఒకటే మోత,
అలిగి అటు తిరిగి పడుకున్న మనిషిలా.
తర్వాత కాలిన వాసన.
మినప్పప్పు సగం నలిగింది, సగం గింజే.

జ్ఞానాపురంలో దాలినాయుడి కొట్టు పదడుగుల గది.
గోడల నిండా రాగితీగ చుట్టలు, వార్నిష్ వాసన,
పోర్టు వైపు నుంచి వచ్చి అన్నిటి మీదా వాలే నల్లపొడి.
నాలుగు బోల్టులు విప్పి
"రా అప్పలనరసమ్మా, నువ్వే సూడు" అన్నాడు.
పంతొమ్మిదేళ్లు దీని మీద రుబ్బి అమ్ముకున్నాను,
దీని కడుపులో ఏముందో ఎన్నడూ చూళ్లేదు.

ఏమంత లేదు.
చుట్టూ ఇనపరేకుల గూడు, దాని గాళ్లలో రాగి చుట్లు,
నడిమిని తిరిగే ఇనప ముద్ద.
ఆ ముద్దకి ఒక్క తీగా తగల్లేదు.
"మరి దీనికి కరెంటు ఎలాగ అందుతాది?"
"అందదు. దాన్లోనే పుడతాది."

నాకు ఎక్కలేదని తెలిసి
ఓ మేకుకి తీగ చుట్టి బేటరీకి ముట్టించాడు.
బల్ల మీది గుండుసూదులు లేచి అంటుకున్నాయి.
తీగ తీశాడు, రాలాయి.
"కరెంటు పారినంత సేపే అయస్కాంతం. అంతే గుట్టు.
మిగతాదంతా దాన్ని తిప్పడమెలాగా అనే."

మనింటి కరెంటు సెకనుకి యాభై సార్లు
అటూ ఇటూ ఊగుతుందట.
ఊగడం వచ్చు దానికి, తిరగడం రాదు.
"ఫేను మూలిగితే కర్రతో రెక్కని తోత్తావు గదా?"
తోస్తాను. తోసిన వైపే తిరుగుతుంది కూడా.
"ఆ కర్రే ఇది." చేతిలో బొటనవేలంత లావు డబ్బా, కండెన్సరు.
రెండో చుట్టకి కరెంటు ఓ పిసరు ముందు పంపుతుందట.
ముందు ఈ చుట్ట లాగి, వెనక ఆ చుట్ట లాగితే
లాగే చోటే గుండ్రంగా పరిగెడుతుందట,
ముద్ద దాని వెనక.

కాన్వెంటు జంక్షన్లో ఆగీ ఆగక కదిలిపోయే సిటీబస్సు వెనక
పిండి కేనుతో నేను పరిగెత్తినట్టు.

"అందుకుంటే?" అన్నాను.
దాలినాయుడు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.
"అదే అడగాల. అందుకుంటే పనుండదు.
అయస్కాంతం నిమిషానికి పదిహేనొందల చుట్లు తిరుగుతాది,
ఇది పద్నాలుగొందల నలభై కాడే ఉంటాది.
ఆ అరవై బాకీ ఉన్నన్నాళ్లే
దీనిలో కరెంటు పుడతాది, నీ పప్పు నలుగుతాది.
బరువు పెరిగితే బాకీ పెరుగుతాది.
బాకీ తీరితే బలం పోయినట్టే."

కండెన్సరు చచ్చిందట, అదీ జబ్బు.
కదలడానికి తోపు లేక, వచ్చిన కరెంటుకి పని లేక,
తాగిందంతా వేడయ్యింది.
తీగల మీది సన్నపూత కరిగి
ఒకదాని మంట ఇంకోదానికి అంటుకుంది.
మిల్లు మూసేశాక గుమ్మంలో కూచున్న మా ఆయన గుర్తొచ్చాడు.
ఆ రెండేళ్లూ కూడా ఇల్లంతా ఊఁ అనేది.
నాయుడితో ఆ మాట అనలేదు.

మూడో రోజు వెళ్తే కొత్త రాగి మెరుస్తోంది.
పదిహేను వందలన్నాడు.
కొంగుముడి విప్పి, నోట్లు లెక్కపెట్టి,
పద్నాలుగొందల నలభై బల్ల మీద పెట్టాను.
అతను ఒకసారి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.
నా మొహం చూశాడు.
నవ్వడానికి కాస్త టైము పట్టింది గానీ
నవ్వాక, పక్కన టీకొట్టు వాళ్లు తొంగి చూశారు.

ఇవాళ మూడున్నరకి స్విచ్చేశాను.
ఒక్క పిసరు ఆలోచించి
రాయి తిరిగింది.
దాని వెనకబాటు చెవికి వినబడదు,
చెయ్యి ఆనిస్తే తెలుస్తుందేమోనని ఆనించి చూశాను.
వెచ్చగా ఉంది, అంతే.
కర్రని మాత్రం ఫేను కింద, మూలనే ఉంచాను.